క్లౌడ్‌లో యాప్ స్లో అయితే ఆ సమయం ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

యాప్ స్లో అయిందని ఫోన్ రాగానే చాలామంది చేసే పనులు రెండే. ఒకటి సర్వర్ రీస్టార్ట్ కొట్టడం, రెండోది క్లౌడ్ కన్సోల్‌లోకి వెళ్లి ఇంకో సైజు పెద్ద మెషీన్ తీసుకోవడం. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగానే నడుస్తుంది, కానీ ఆ క్షణంలో ఏ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఇరుక్కుపోయింది, ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయి, ఎవరు ఎవరికోసం ఆగారు అనే వివరమంతా తుడిచిపెట్టుకుపోతుంది. రేపు అదే టైమ్‌కి మళ్లీ ఫోన్ వస్తుంది, మీ చేతిలో మాత్రం ఏ ఆధారమూ ఉండదు. ఇక పెద్ద మెషీన్ అంటారా, నెలాఖరుకి బిల్లు మాత్రం తప్పకుండా పెరుగుతుంది, స్పీడ్ పెరుగుతుందన్న గ్యారంటీ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక రిక్వెస్ట్‌కి, అంటే యాప్ సర్వర్‌ని ఏదైనా అడిగి జవాబు పొందడానికి, పడుతున్న సమయాన్ని ముక్కలుగా విడదీయండి, అన్నిటికంటే పెద్ద ముక్క ఎక్కడుందో చూడండి, దాన్ని పట్టుకునే లోపలికి వెళ్లండి. పెద్ద ముక్క దొరికేదాకా దేన్నీ మార్చకండి.

అర్థం కావడానికి వ్యాసం మొత్తం ఒకే ఉదాహరణ తీసుకుందాం. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల (రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ దుకాణాల) వాళ్లు మిర్చి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) కొట్టుకునే ఒక యాప్ ఉందనుకోండి. ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేది), దాని వెనక రెండు సర్వర్లు, వాటి వెనక ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. తక్‌పట్టీ సేవ్ అవగానే రైతు ఫోన్‌కి ఎస్‌ఎంఎస్ వెళ్తుంది. వానాకాలంలో ఈ యాప్‌తో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. మిర్చి సీజన్ వచ్చాక, పొద్దున జెండా పాట (రోజూ మొదట జరిగే వేలం) అయిపోయి, ఖరీదులు తేలి, కాంటాలు మొదలయ్యాక అన్ని దుకాణాల గుమాస్తాలూ ఒకేసారి ఎంట్రీలు కొట్టడం మొదలుపెడతారు. అప్పుడు వస్తుంది ఫోన్: "అన్నా, సేవ్ అయితలేదు, తిరుగుతనే ఉంది."

1. ముందు "స్లో" అంటే ఏమిటో రాబట్టండి

ఫోన్ చేసిన వాళ్లు "మొత్తం స్లో" అంటారు. మొత్తం అనేది దాదాపు ఎప్పుడూ ఉండదు. ఏ స్క్రీన్? సేవ్ కొడితేనా, లిస్ట్ తెరిస్తేనా? పొద్దున్నుంచా, ఇప్పుడేనా? ఒక్కరికేనా, పక్క దుకాణం వాళ్లకు కూడానా? వైఫైలో ఉన్నారా, మొబైల్ డేటాలోనా? ఈ నాలుగైదు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం దారి తెలిసిపోయినట్టే. ఒక్క దుకాణం వాళ్లకే స్లో అయితే సర్వర్ జోలికి వెళ్లే పనే లేదు, వాళ్ల నెట్ చూడాలి. అందరికీ, ఒక్క సేవ్ దగ్గరే, ఒక టైమ్‌లోనే అంటే అది పూర్తిగా వేరే కథ.

ఆ తర్వాత అడగాల్సింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని. కొత్త కోడ్ వెళ్లిందా, ఏదైనా సెట్టింగ్ మారిందా, డేటా పెరిగిందా, జనం పెరిగారా. చివరి రెండూ ఎవరూ చేతులారా చేసినవి కావు కాబట్టి "మేం ఏం మార్చలేదు" అనే జవాబు వస్తుంది. దాన్ని అక్కడితో వదిలేయకండి.

డ్యాష్‌బోర్డ్‌లో సగటు చూసి మాత్రం మోసపోవద్దు. 100 రిక్వెస్టుల్లో 95కి 0.1 సెకను, మిగిలిన 5కి 8 సెకన్లు పట్టాయనుకోండి. సగటు వేస్తే 0.495 సెకను వస్తుంది. అర సెకనే కదా, బాగానే ఉంది అనిపిస్తుంది, కానీ ఆ ఐదుగురి ముందు రైతులు తక్‌పట్టీ కోసం నిలబడి ఉన్నారు. అందుకే పీ50, పీ95, పీ99 చూడాలి. పీ95 అంటే 100లో 95 రిక్వెస్టులు ఆ సమయం లోపు ముగిశాయని. పీ50 బాగుండి పీ99 ఘోరంగా ఉంటే, అందరూ కాకుండా కొందరు దేనికోసమో ఆగుతున్నారని అర్థం. రెండూ కలిసి పెరిగితే ప్రతి రిక్వెస్టూ మోస్తున్న బరువేదో పెరిగిందని అర్థం.

2. ఒక్క రిక్వెస్ట్‌ని ముక్కలు చేయండి

దీనికి ఖరీదైన టూల్ ఏదీ అక్కర్లేదు, కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే కర్ల్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. కర్ల్‌లో డబ్ల్యూ (-w) ఆప్షన్ ఇచ్చి సర్వర్ పేరుకి అడ్రస్ వెతికిన (డీఎన్ఎస్) సమయం, కనెక్ట్ అయిన సమయం, టీఎల్ఎస్ (రహస్య కనెక్షన్ ఏర్పాటు) పూర్తయిన సమయం, మొదటి బైట్ వచ్చిన సమయం, మొత్తం సమయం, ఈ ఐదూ ప్రింట్ చేయించండి. ఏ స్క్రీన్ స్లో అన్నారో ఆ రిక్వెస్టే కొట్టాలి, హోమ్ పేజీ కాదు. సేవ్ అయితే టెస్ట్ ఖాతాతో కొట్టండి. మన యాప్‌లో స్లోగా ఉన్న టైమ్‌లో కొడితే ఇలా వచ్చిందనుకుందాం (సెకన్లలో):

పేరు వెతకడం 0.012
కనెక్ట్ 0.034
టీఎల్ఎస్ 0.081
మొదటి బైట్ 3.410
మొత్తం 3.425

ఇవన్నీ మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టినవి, కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తేనే అసలు ముక్క వస్తుంది. డీఎన్ఎస్‌కి 12 మిల్లీసెకన్లు. కనెక్ట్‌కి 34లోంచి 12 పోతే 22, అంటే సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం దాదాపు ఇంతే. టీఎల్ఎస్‌కి 47. మొదటి బైట్ కోసం ఎదురుచూపు 3,329. డౌన్‌లోడ్‌కి 15. ఇంక సందేహం ఏముంది, నెట్‌వర్క్ బంగారంలా ఉంది, 3.3 సెకన్లు లోపలే ఎక్కడో పోతున్నాయి. రీజియన్ (క్లౌడ్ సర్వర్లు ఉండే ప్రాంతం) మార్చాలా, సీడీఎన్ (పేజీల కాపీలను వాడేవాళ్ల దగ్గర్లో ఉంచే ఏర్పాటు) పెట్టాలా అనే చర్చ ఈ ఒక్క కొలతతో ముగిసిపోతుంది.

దీనికి ఉల్టా కూడా చూస్తుంటాం. కనెక్ట్‌కే 230 మిల్లీసెకన్లు, టీఎల్ఎస్‌కి ఇంకో 460, ఆ తర్వాత జవాబుకి మరో 230 పైన. అన్ని ముక్కలూ 230 గుణిజాల్లో ఉన్నాయంటే సర్వర్ దూరంగా ఉందని. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 1000 కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు, పోయి రావడానికి 10. ట్యుటోరియల్ చూసి పెట్టిన యాప్‌లు అమెరికాలోని వర్జీనియా రీజియన్‌లో ఉండిపోవడం మామూలే, అక్కడికి ఇక్కడి నుంచి నేరుగా గీత గీసినా 13,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కేబుళ్లు నేరుగా పోవు కాబట్టి ఒక్క రౌండ్‌కి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. కొత్త కనెక్షన్‌లో టీసీపీకి (కనెక్ట్ కావడానికి) ఒక రౌండ్, టీఎల్ఎస్ 1.2 అయితే రెండు (1.3 అయితే ఒకటే), రిక్వెస్ట్‌కి ఒకటి. కోడ్ ఎంత బాగా రాసినా ఆ దూరం తగ్గదు. అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లున్నాయి. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ, అజూర్‌కి పుణె, చెన్నై, ముంబై ఉన్నాయి. వాడేవాళ్లందరూ వరంగల్, కరీంనగర్, ఖమ్మంలో ఉంటే సర్వర్ సముద్రం అవతల ఎందుకు?

ఇంకో తప్పు బయటికి కనిపించదు. యాప్ సర్వర్ హైదరాబాద్ రీజియన్‌లో పెట్టి, డేటాబేస్‌ని ముంబైలోనే వదిలేయడం. మీ దగ్గర నుంచి కర్ల్ కొడితే కనెక్ట్ బాగుంటుంది, మొదటి బైట్ మాత్రం ఆలస్యం. ఒక్కో క్వెరీకి రెండు ఊళ్ల మధ్య 15 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఒక పేజీకి వరసగా 40 క్వెరీలు పోతే 600 మిల్లీసెకన్లు దారిలోనే పోయినట్టు. యాప్, డేటాబేస్ ఒకే రీజియన్‌లో ఉన్నాయో లేదో ఎప్పుడో ఎవరో చెప్పింది నమ్మకండి, కన్సోల్ తెరిచి మీ కళ్లతో చూడండి.

ఇదే కర్ల్‌ని మూడు చోట్ల నుంచి కొట్టండి: మార్కెట్‌లో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద, ఆఫీస్ బ్రాడ్‌బ్యాండ్ మీద, అదే క్లౌడ్ రీజియన్‌లో ఉన్న ఇంకో మెషీన్ మీద. మూడింట్లోనూ స్లో అయితే సర్వర్ వైపు. హాట్‌స్పాట్ మీద మాత్రమే స్లో అయితే టవర్ వైపు. రెండేళ్లకోసారి మేడారం జాతర టైమ్‌లో ములుగు వైపు నుంచి వచ్చే కంప్లయింట్లు ఈ రెండో రకమే అయ్యుండే అవకాశం ఎక్కువ. లక్షల మంది ఒక్కచోట చేరితే తాత్కాలిక టవర్లు పెట్టినా రద్దీ తప్పదు. అప్పుడు సర్వర్ సైజు పెంచి ప్రయోజనం లేదు, పేజీ బరువు తగ్గించడం, ఫోటోలు తీసేయడం, సేవ్‌ని ఫోన్‌లోనే ఉంచి సిగ్నల్ దొరికినప్పుడు పంపడం లాంటివే పనికొస్తాయి.

రిక్వెస్ట్ ఏ రూటర్ల మీదుగా పోతోందో చూడటానికి ఎంటీఆర్ అనే టూల్ వాడతారు కదా, అందులో మధ్యలో ఒక రూటర్ దగ్గర 60 శాతం లాస్ (జవాబు రాకుండా పోయినవి) కనిపించగానే అదిగో దొంగ అనేయకండి. చాలా రూటర్లు తమకు వచ్చిన పింగ్‌లకు జవాబివ్వడం తగ్గించుకుంటాయి, ట్రాఫిక్‌ని మాత్రం శుభ్రంగా దాటిస్తాయి. ఆ లాస్ అక్కడి నుంచి చివరి హాప్ (మజిలీ) దాకా కొనసాగితేనే లెక్క.

3. లోడ్ బ్యాలెన్సర్ లాగ్ చదవండి

అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ లాగ్‌లో ప్రతి రిక్వెస్ట్‌కి మూడు సమయాలుంటాయి: రిక్వెస్ట్ అందుకుని సర్వర్‌కి పంపేదాకా, సర్వర్ జవాబు మొదలుపెట్టేదాకా, ఆ జవాబు బయటికి పంపడం మొదలుపెట్టేదాకా. మధ్యది పెద్దదైతే సర్వర్ లోపల. అంకెల బదులు మైనస్ 1 కనిపిస్తే రిక్వెస్ట్ సర్వర్ దాకా పోనేలేదో, సర్వర్ మధ్యలో కనెక్షన్ తెంపేసిందో చూడాలి. ఈ లాగ్‌లు మనం ఆన్ చేస్తేనే వస్తాయి, ఇవాళే ఆన్ చేసి పెట్టుకోండి, రేపు గొడవ జరిగాక ఆన్ చేస్తే నిన్నటివి రావు.

సర్వర్ల ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు రిక్వెస్ట్ టైమ్ (మొత్తం సమయం), అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్ (వెనకున్న యాప్ సర్వర్‌కి పట్టిన సమయం) అని రెండుంటాయి. మొదటిది పెద్దగా, రెండోది చిన్నగా ఉంటే సర్వర్ పని ఎప్పుడో అయిపోయింది, వాడుతున్నవాళ్ల నెట్ మెల్లగా లాక్కుంటోంది. రెండూ పెద్దవైతే లోపలికి పదండి.

4. మెషీన్‌ని అడగండి

బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీర్ చెప్పిన పద్ధతి ఒకటుంది, ప్రతి వనరుకీ మూడు ప్రశ్నలు: ఎంత వాడుతున్నారు, దానికోసం ఎంతమంది ఆగి ఉన్నారు, ఏవైనా ఎర్రర్లు వస్తున్నాయా. సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ నాలుగింటికీ వరసగా అడిగితే ఏదీ జారిపోదు. లినక్స్‌లోని టాప్, వీఎంస్టాట్, ఐఓస్టాట్ కమాండ్లు చాలు. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఆగి ఉన్న ప్రాసెస్‌ల సగటు) ఎక్కువుంటే సీపీయూనే అనుకోవద్దు, లినక్స్‌లో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లను కూడా అందులో కలుపుతారు. వీఎంస్టాట్‌లో స్వాప్ ఇన్, స్వాప్ అవుట్ (మెమరీకీ డిస్క్‌కీ మధ్య మార్పిడి) రెండూ ఆగకుండా కదులుతుంటే మెమరీ చాలడం లేదు, అక్కడే ఆగి దాని సంగతి చూడండి.

క్లౌడ్‌లో దీనికి తోడు సొంత మెషీన్‌లో లేని ఒక చిక్కు ఉంది, క్రెడిట్లు. అమెజాన్‌లో టీ2, టీ3 రకం చవక మెషీన్లు పూర్తి సీపీయూని అన్ని వేళలా ఇవ్వవు. టీ3 మైక్రోలో రెండు వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు) కనిపిస్తాయి కానీ ఒక్కోదానికి బేస్‌లైన్ (ఖాయంగా దక్కే వాటా) 10 శాతమే, గంటకి 12 క్రెడిట్లు జమవుతాయి, ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూ ఒక నిమిషం పాటు పూర్తిగా పనిచేయడం. రాత్రంతా జమైన క్రెడిట్లతో పొద్దున బ్రహ్మాండంగా నడుస్తుంది, అవి అయిపోయిన క్షణం నుంచి బేస్‌లైన్‌కి పడిపోతుంది. మోసం ఎక్కడంటే, అప్పుడు గ్రాఫ్‌లో సీపీయూ 10 శాతం అని చదునుగా కనిపిస్తుంది, చూసినవాళ్లు "సీపీయూ ఖాళీగానే ఉంది" అనుకుంటారు. సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫ్ పక్కనే పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. టీ2 మామూలుగా ఇలా కట్టేస్తుంది, టీ3 మామూలుగా అన్‌లిమిటెడ్ మోడ్‌లో ఉండి స్లో చేయకుండా బిల్లులో వేస్తుంది. టాప్‌లో ఎస్‌టీ అనే అంకె కూడా చూడండి, మీకు దక్కాల్సిన సీపీయూ మీకు అందకుండా పోతోందని చెప్పేది అదే.

డిస్క్‌కీ ఇదే గొడవ. అమెజాన్ పాత జీపీ2 డిస్క్‌కి ఒక జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకి చేసే చదవడాలు, రాయడాలు) లెక్క, 100 జీబీ డిస్క్‌కి 300. అవసరమైతే 3000 దాకా ఎగురుతుంది కానీ 54 లక్షల క్రెడిట్ల బకెట్ ఖాళీ అయ్యేదాకానే. లెక్క వేయండి, 3000 వాడుతూ 300 జమవుతుంటే సెకనుకి 2700 తరుగుతాయి, 54 లక్షలు 2000 సెకన్లలో, అంటే 33 నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా పదో వంతుకి పడిపోతుంది. "పని మొదలైన అరగంట బాగుంటది, తర్వాత చచ్చిపోతది" అని ఎవరైనా అంటే నేనైతే మొట్టమొదట చూసేది ఇదే. జీపీ3 అయితే సైజుతో పనిలేకుండా 3000 ఐఓపీఎస్, సెకనుకి 125 ఎంబీ ఎప్పుడూ ఇస్తుంది. ఇంకా జీపీ2 మీద ఉంటే మార్చేయండి, ఎక్కువ కేసుల్లో ఖర్చు కూడా తగ్గుతుంది.

కుబర్నెటీస్ (యాప్‌లను కంటైనర్లలో పెట్టి నడిపే వ్యవస్థ) వాడేవాళ్లు సీపీయూ లిమిట్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లిమిట్ అర సీపీయూ పెడితే ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్ల సీపీయూ ఇస్తుంది. మీ యాప్‌లో నాలుగు థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి పనిచేస్తే ఆ 50ని 12.5 మిల్లీసెకన్లలో ఖర్చుపెట్టేసి మిగతా 87.5 మిల్లీసెకన్లు కదలకుండా కూర్చుంటాయి. నోడ్ (యాప్ నడిచే మెషీన్) మీద సీపీయూ ఖాళీగా ఉంటుంది, యాప్ మాత్రం కుంటుతుంది. సీగ్రూప్‌లోని (లినక్స్‌లో ఈ లిమిట్లు అమలు చేసే భాగం) సీపీయూ స్టాట్ ఫైల్‌లో ఎన్ని పీరియడ్లు (100 మిల్లీసెకన్ల ముక్కలు) ఇలా థ్రాటిల్ అయ్యాయో, అంటే ఆగిపోయాయో, రాసి ఉంటుంది.

మన తక్‌పట్టీ యాప్‌లో ఇవన్నీ చూశాం అనుకుందాం. సీపీయూ 8 శాతం, క్రెడిట్లు నిండుగా ఉన్నాయి, డిస్క్ ఖాళీ, మెమరీ పుష్కలం. అయినా 3.3 సెకన్లు. మెషీన్ ఏ పనీ చేయకుండా ఇంత సమయం పోతోందంటే రిక్వెస్టులు దేనికోసమో లైన్లో నిలబడి ఉన్నాయి. పెద్ద మెషీన్ తీసుకుని ఉంటే డబ్బులు దండగయ్యేవి.

5. లైన్ ఎక్కడుందో వెతకండి

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే, అందుకే కొంచెం నింపాదిగా చూద్దాం.

యాప్ డేటాబేస్‌తో మాట్లాడాలంటే పూల్‌లోంచి (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) ఒక కనెక్షన్ తీసుకోవాలి. జావాలో ఎక్కువమంది వాడే హికారీ పూల్‌లో ఏమీ మార్చకపోతే 10 కనెక్షన్లే ఉంటాయి, దొరక్కపోతే 30 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది. మీ లాగ్‌లో ఎర్రర్లన్నీ సరిగ్గా 30 సెకన్ల దగ్గరే పడుతుంటే అది క్వెరీ స్లో కావడం కాదు, కనెక్షన్ దొరక్కపోవడం. ఇలాంటి గుండ్రటి అంకెలు ఎక్కడ కనిపించినా అనుమానించండి, 5, 30, 60 సెకన్లంటే సాధారణంగా ఎవరో పెట్టిన టైమవుట్లే.

ఎన్ని కనెక్షన్లు కావాలో తెలియాలంటే 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి చాలు: సెకనుకి వచ్చే రిక్వెస్టులను ఒక్కోటి కనెక్షన్ పట్టుకునే సమయంతో గుణించండి. సెకనుకి 40 వస్తూ ఒక్కోటి 0.2 సెకను పట్టుకుంటే 8 కావాలి, 10 ఉన్నాయి, ఇబ్బంది లేదు. ఆ 0.2 కాస్తా 0.5 అయితే 20 కావాలి. ఉన్నవి 10. అక్కడి నుంచి లైన్ పెరుగుతూనే పోతుంది.

మార్కెట్‌లో కాంటా దగ్గర చూసే ఉంటారు, బస్తాలు తీరుబడిగా వస్తున్నంతసేపు ఎవరూ ఆగరు, కాంటాకి చేతినిండా పని ఉండే రోజున నాలుగు బండ్లు ఎక్కువొస్తే లైన్ గేటు దాకా పోతుంది. సర్వర్‌లోనూ అంతే, వాడకం పెరిగినకొద్దీ ఆలస్యం సమానంగా పెరగదు. రిక్వెస్టులు ఒక లెక్కా పద్ధతీ లేకుండా వచ్చే మామూలు లైన్‌లో, వాడకం 50 శాతం ఉంటే అసలు పనికి రెట్టింపు సమయం, 80 శాతానికి 5 రెట్లు, 90 శాతానికి 10 రెట్లు పడుతుంది. నిన్న 80, ఇవాళ 90, అంతే తేడా, కానీ ఫోన్లు మాత్రం మోగిపోతాయి.

పూల్ నిండిందని తెలియగానే 10ని 100 చేద్దామనిపిస్తుంది. చేయకండి. పోస్ట్‌గ్రెస్ మొత్తానికి మామూలుగా ఒప్పుకునేది 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్ 151. పూల్ పెంచితే లైన్ యాప్ దగ్గర నుంచి డేటాబేస్ దగ్గరికి మారుతుంది తప్ప కరగదు. అడగాల్సింది, ఉన్న కనెక్షన్లను ఎవరు అంతసేపు పట్టుకుని కూర్చున్నారని.

స్లోగా ఉన్న టైమ్‌లోనే, రీస్టార్ట్ చేయకముందే, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ టేబుల్ చూడండి. ప్రతి కనెక్షన్ ఏ స్థితిలో ఉంది, దేనికోసం ఆగింది, ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకేసారి ఖరారయ్యే మార్పులు) ఎప్పుడు మొదలైంది అన్నీ అందులో ఉంటాయి. మన యాప్‌లో ఇలా కనిపిస్తుంది: తొమ్మిది కనెక్షన్లు లాక్ (ఒకరు మారుస్తుంటే ఇంకొకరు ముట్టకుండా వేసే తాళం) కోసం ఆగి ఉన్నాయి, తొమ్మిదీ ఒకే అప్‌డేట్ దగ్గర. ఒక్క కనెక్షన్ మాత్రం "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఉంది. అంటే ట్రాన్సాక్షన్ తెరిచి, లాక్ చేతిలో పెట్టుకుని, డేటాబేస్‌కి ఏ పనీ చెప్పకుండా ఉంది. ఇదే దొరకాల్సిన మనిషి.

కోడ్ తెరిస్తే సంగతి బయటపడుతుంది. సేవ్ కొట్టగానే ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. తక్‌పట్టీ నంబర్లు వరసగా రావాలి కాబట్టి ఒక టేబుల్‌లో చివరి నంబర్ ఉంటుంది, దాన్ని ఒకటి పెంచుతారు, టేబుల్‌లోని ఆ వరస (రో) లాక్ అవుతుంది. తర్వాత తక్‌పట్టీ రాస్తారు. తర్వాత రైతుకి ఎస్‌ఎంఎస్ పంపే సర్వీస్‌ని పిలుస్తారు. అది జవాబిచ్చాక కమిట్ (ఖరారు). ఎస్‌ఎంఎస్‌కి 0.4 సెకను పడుతుందనుకోండి, ఆ 0.4 సెకనూ నంబర్ లాక్ వీళ్ల చేతిలోనే ఉంటుంది, కాబట్టి మార్కెట్ మొత్తం కలిపి సెకనుకి రెండున్నర తక్‌పట్టీలు మించి సేవ్ కావు. ఎన్ని సర్వర్లు పెట్టినా అంతే. మీతో కలిపి లైన్లో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది ఇంటూ 0.4, అంటే 3.2 సెకన్లు. కర్ల్‌లో చూసిన 3.3 ఎక్కడిదో తేలిపోయింది కదా.

వానాకాలంలో నిమిషానికి నాలుగు తక్‌పట్టీలు వస్తే దీన్ని ఎవరూ గమనించరు, సీజన్‌లో జెండా పాట తర్వాత సెకనుకి మూడు రాగానే లైన్ మొదలవుతుంది. పూల్‌లోని కనెక్షన్లన్నీ ఆ లైన్లోనే ఉంటాయి కాబట్టి ఏ సంబంధమూ లేని రిపోర్ట్ పేజీ కూడా కనెక్షన్ దొరక్క ఆగిపోతుంది, "మొత్తం స్లో" అన్న మాట అక్కడి నుంచి వచ్చింది.

మందు ఏమిటంటే, ఎస్‌ఎంఎస్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తేవడం. తక్‌పట్టీ సేవ్ చేసేటప్పుడే పంపాల్సిన మెసేజ్‌ని కూడా ఒక టేబుల్‌లో రాసి కమిట్ చేయండి, వెనక నడిచే వేరే ప్రోగ్రామ్ (వర్కర్) ఆ టేబుల్ చూసి పంపుతుంది. ఎస్‌ఎంఎస్ రెండు సెకన్లు ఆలస్యంగా వెళ్తే రైతుకి ఏ నష్టమూ లేదు. నంబర్ పెంచే పనిని కూడా కమిట్‌కి వీలైనంత దగ్గరగా జరపండి, అప్పుడు లాక్ కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. ట్రాన్సాక్షన్ లోపల బయటి సర్వీస్‌ని పిలవకూడదన్న ఒక్క నియమం టీమ్‌లో అందరూ పాటిస్తే ఇలాంటి ఫోన్లు చాలా తప్పుతాయి.

6. లాక్ కాకపోతే క్వెరీ

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ (ఏ క్వెరీకి ఎంత సమయం పోతోందో లెక్కపెట్టేది) ఆన్ చేసి, క్వెరీలను మొత్తం సమయం ప్రకారం పేర్చండి, ఒక్కోసారికి పట్టే సమయం ప్రకారం కాదు. నెలకోసారి 9 సెకన్లు తీసుకునే రిపోర్ట్ కంటే రోజుకి లక్షలసార్లు 20 మిల్లీసెకన్లు తినే చిన్న క్వెరీయే ఎక్కువ ముంచుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది. దాన్ని ఒక సెకనుకి, వీలైతే అర సెకనుకి దించండి.

అనుమానం వచ్చిన క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే కమాండ్) కొట్టండి, కానీ జాగ్రత్త, అది క్వెరీని నిజంగానే నడిపిస్తుంది. అప్‌డేట్, డిలీట్ అయితే ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, చూసి, రోల్‌బ్యాక్ (రద్దు) చేయండి. అందులో రెండే చూడండి: పెద్ద టేబుల్ మొత్తం చదువుతోందా, ఊహించిన వరసలకీ నిజంగా వచ్చినవాటికీ బోలెడు తేడా ఉందా. మొదటిదానికి ఇండెక్స్ (పుస్తకంలో విషయసూచిక లాంటిది), రెండోదానికి ఎనలైజ్ కొట్టి స్టాటిస్టిక్స్ తాజా చేయడం. ఇండెక్స్ ఉండి కూడా వాడటం లేదంటే, తేదీ కాలమ్ మీద ఏదో ఫంక్షన్ పెట్టి పోల్చుతున్నారేమో చూడండి, "ఇవాళ మొదలు, రేపటి లోపు" అని హద్దులు పెట్టి రాస్తే అదే ఇండెక్స్ పనిచేస్తుంది.

ఇంకొకటి, 50 మంది రైతుల లిస్ట్ తెచ్చి, ఒక్కొక్కరి బాకీ కోసం మళ్లీ ఒక్కో క్వెరీ, మొత్తం 51. ఓఆర్ఎంలు (కోడ్ నుంచి క్వెరీలను తామే తయారుచేసే లైబ్రరీలు) వాడేవాళ్లు ఒక పేజీకి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లాగ్‌లో ఒకసారి లెక్కపెట్టి చూడండి, చాలాసార్లు ఆశ్చర్యపోతారు.

7. బయటివాళ్లు, రీట్రైలు, ఆటోస్కేలింగ్

పేమెంట్, ఎస్‌ఎంఎస్, మ్యాప్ లాంటి బయటి సర్వీస్ ప్రతిదానికీ టైమవుట్ పెట్టండి, ఎంత సమయం పట్టిందో లాగ్‌లో రాయండి. రీట్రైలు (విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం) మూడు పొరల్లో మూడేసి సార్లు పెడితే ఒక్క క్లిక్ 27 రిక్వెస్టులు అవుతుంది, ఇరుకులో ఉన్న సర్వర్‌ని చంపేది అవే. రీట్రై ఒక్క పొరలోనే ఉంచండి, మధ్యలో కాస్త గ్యాప్ పెంచుతూ పోండి.

ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి మెషీన్లను దానంతటదే పెంచడం) ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. కొత్త మెషీన్ లేచి, యాప్ మొదలై, ట్రాఫిక్ తీసుకోవడానికి నిమిషాలు పడుతుంది, జెండా పాట తర్వాతి రద్దీ అంతకంటే ముందే వచ్చిపడుతుంది. టైమ్ ముందే తెలుసు కాబట్టి షెడ్యూల్ పెట్టి పావుగంట ముందే లేపండి. సర్వర్‌లెస్ ఫంక్షన్లలో (పిలిచినప్పుడే లేచే కోడ్) చాలాసేపటి తర్వాత వచ్చే మొదటి రిక్వెస్టులు మాత్రమే స్లో అయితే అది కోల్డ్ స్టార్ట్, అంటే లేవడానికి పట్టే ఆలస్యం.

సర్వీసులు మూడు నాలుగు దాటితే లాగ్‌లు విడివిడిగా చదవడం నరకం. ప్రతి రిక్వెస్ట్‌కి ఒక ఐడీ ఇచ్చి అన్ని లాగ్‌లలో రాయించండి. ఓపిక ఉంటే ఓపెన్‌టెలిమెట్రీ పెట్టుకోండి, ఒక రిక్వెస్ట్ ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో గీతల్లో కళ్లముందు కనిపిస్తుంది. ఇక క్లౌడ్ కంపెనీ స్టేటస్ పేజీ చూడటానికి నిమిషం కూడా పట్టదు, ముందే చూసేయండి.

8. మార్చాక మళ్లీ కొలవండి

ఒకసారికి ఒక్కటే మార్చండి. పూల్ సైజు, ఇండెక్స్, మెషీన్ మూడూ ఒకే రాత్రి మార్చేస్తే పొద్దున బాగుపడినా దేనివల్లో తెలియదు, పాడైనా తెలియదు. కొలత కూడా అదే రద్దీలో ఉండాలి, రాత్రి 11 గంటలకు కర్ల్ కొట్టి బాగుందనుకుంటే లాభం లేదు. లోడ్ టెస్ట్‌కి కే6 లాంటివి ఉచితంగా దొరుకుతాయి, టెస్ట్ డేటాబేస్‌లో మాత్రం అసలు దాంట్లో ఉన్నంత డేటా ఉండాలి, వెయ్యి వరసల మీద ఏ క్వెరీ అయినా వేగంగానే నడుస్తుంది.

అలారాలు సీపీయూ ఒక్కదానికే పెట్టి ఊరుకోకండి. సేవ్ స్క్రీన్ పీ95, పూల్‌లో కనెక్షన్ కోసం ఆగిన సమయం, సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్, అన్నిటికంటే పాత ట్రాన్సాక్షన్ వయసు, ఈ నాలుగూ పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ కోసం ఆగిన క్వెరీలను లాగ్‌లో రాసే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఉంటే ఒక సెకను దాటి ఆగిన ప్రతిదీ, ఎవరికోసం ఆగిందో సహా, రాసి పెడుతుంది. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్ అనేది మామూలుగా సున్నా, అంటే ఆఫ్. దాన్ని 10 సెకన్లకు పెట్టండి, ముందు టెస్ట్ సర్వర్‌లో ఒక రోజు నడిపి ఏ పాత జాబ్ తెగిపోతోందో చూసుకుని, ఆ తర్వాతే అసలు దాంట్లో.